గుడ్లు పగలగొట్టిన ఐదో మెట్టు

రిటైరై ఇంట్లో కూర్చున్నా ఒక్క ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. పాల ప్యాకెట్‌కి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, ఆఖరికి పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నా ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, బండి షాకబ్జర్లు ఖరాబైనయి. షోరూంల ఇయ్యాల్నా, మనమే ఇప్పుకోవాల్నా?" ఫోన్‌లో వీడియో చూసి సొంతంగా విప్పేద్దామనుకునే కుర్రవాళ్లు ఈ మధ్య మరీ ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. జవాబు చిన్నదే. కానీ అది నాకు తెలియడానికి ఇరవై ఏడేళ్ల సర్వీసూ, పన్నెండు ట్రేల కోడిగుడ్లూ, ఒక ఇల్లాలి నోటి మాటా కావలసి వచ్చాయి. అందుకే మొదటి నుంచీ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పని నేర్చుకున్నది జనగామలో. మా మేస్త్రికి ఎడమ కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉండేది. ముందు చక్రాన్ని పట్టుకుని రెండు గొట్టాలుంటాయి చూడండి, వాటిని ఫోర్కు అంటాం. లోపల పొడవాటి స్ప్రింగూ, కొంచెం ఆయిలూ ఉంటాయి. స్ప్రింగు ఎప్పుడూ పైమూతను తోస్తూనే ఉంటుంది. ఆ మూతను తొందరపడి విప్పిన రోజు మా మేస్త్రికి ఆ మచ్చ పడింది. "మూత ఇప్పేటప్పుడు మొకం పక్కకు వెట్టు" అన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. రెండో పాఠం ఏమిటో ఆయన చెప్పలేదు. అది నాకు నేనే, చాలా ఆలస్యంగా, సిగ్గుపడుతూ నేర్చుకున్నాను.

జనగామ నుంచి మానుకోట షోరూంకు వర్క్‌షాప్ ఇన్‌ఛార్జిగా వచ్చాను. మహబూబాబాద్ అని బోర్డు మీద రాసుకుంటాం కానీ నోటితో అనేది మానుకోటే. అక్కడ బండి అంటే ఒక్క మనిషి ఎక్కేది కాదు. మొగుడూ పెళ్లామూ ఇద్దరు పిల్లలూ ఎక్కాక ట్యాంకు మీద ఇంకా చోటుందేమిటని యూరియా బస్తా వైపు చూస్తారు. కొత్త బండి కొన్న పదిరోజులకే "సార్, ఎనుక చక్రం మడ్‌గార్డుకు తాకుతుంది" అని వచ్చేవాళ్లు.

వెనక షాకబ్జర్ల అడుగున చిన్న కంకణం లాంటిది ఉంటుంది. దానికి ఐదు మెట్లు. పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు బిగిసి ఎక్కువ బరువు మోస్తుంది, కింది మెట్టుకు దించితే మెత్తబడుతుంది. కంపెనీ నుంచి బండ్లు రెండో మెట్టు మీద వస్తాయి. నేను వచ్చిన నెలలోనే ఒక రూలు పెట్టాను. మన గేటు దాటే ప్రతి బండీ ఐదో మెట్టు మీద దాటాలి. దెబ్బకు ఫిర్యాదులు ఆగిపోయాయి. మా యజమాని నలుగురి ముందు నన్ను మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయాను.

ఆ ఉబ్బులోనే ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. మా వర్క్‌షాప్‌లో ఎలుకలు ఎక్కువ. బల్ల మీద పెట్టిన టిఫిన్లను మాకంటే ముందు అవే తినేవి. మెట్లు తిప్పడానికి బండితోపాటు టూల్ కిట్‌లో ఒక చిన్న పానా వస్తుంది, కొక్కెంలా వంగి ఉంటుంది. ఎలాగూ మనమే ఐదో మెట్టుకు తిప్పి ఇస్తున్నాం కదా, ఇక కస్టమర్ దానితో ఏం చేసుకుంటాడు అనుకున్నాను. తొమ్మిది పానాలు తీసి, గోడకు చెక్క పలక కొట్టి, వరసగా బిగించాను. తొమ్మిది కొక్కేలు, తొమ్మిది టిఫిన్లు. మా స్టోర్‌కీపర్‌ది నాలుగు గిన్నెల క్యారియర్, ఆ బరువుకు కూడా పానా వంగలేదు. "కంపెనీ మాల్ అంటే గిట్ల ఉండాలె" అని అతను దాన్ని నిమిరాడు.

ఇప్పుడు గుడ్ల మనిషి సంగతి.

నెల్లికుదురు దగ్గర ఒక ఊరతను. బక్కపల్చటి మనిషి, ముప్ఫై ఐదేళ్లుంటాయేమో. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఆరేళ్లు చేసి, ఆ పని పడక తిరిగి వచ్చి మా దగ్గరే బండి కొన్నాడు. వెనక క్యారియర్ మీద చెక్కపెట్టె, పెట్టెలో పన్నెండు ట్రేల గుడ్లు, పైన సైకిల్ ట్యూబుతో బిగింపు. మానుకోటలో గుడ్లు ఎత్తుకుని నాలుగు ఊళ్ల బళ్లలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకు ఇచ్చి వస్తాడు. ఒకరోజు వచ్చి నిలబడ్డాడు.

"సార్, గుడ్లు పగుల్తున్నయి."

"బండికేమైందో చెప్పు తమ్మీ. గుడ్ల సంగతి నాకెందుకు?"

"బండికైందే గుడ్లు చెప్తున్నయి సార్."

ఎంత చక్కటి మాటో చూడండి. నేను వినలేదు. వంగి చూస్తే ముందు ఫోర్కు దగ్గర ఆయిల్ చెమర్చినట్టుంది. దొరికాడు దొంగ అనుకున్నాను. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు మార్చి, ఆయిల్ కొలిచి పోయించి, జాబ్ కార్డు మీద నా అందమైన సంతకం చేసి పంపాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి వెనక భార్య ఉంది. ఒళ్లున్న మనిషి, మాట కూడా గట్టిది.

"అన్నా, ఒక్క ముచ్చట చెప్త, నవ్వద్దు" అంది. "నేను ఎనుక కూసుంటే గుడ్లు పగుల్తలేవు. ఈయన ఒక్కడే పోయిన దినమే పగుల్తున్నయి."

నవ్వొద్దంటే నవ్వు ఆగుతుందా! మా స్టోర్‌కీపర్ కౌంటర్ పట్టుకుని నవ్వాడు. వాషింగ్ చేసేవాళ్లు పైపు ఆపి మరీ నవ్వారు. నేను ఇన్‌ఛార్జిని కాబట్టి నవ్వి ఊరుకోకుండా ఒక మాట కూడా అన్నాను.

"ఇంకేంది మరి, రోజూ నువ్వే పో చెల్లె. మా షాకబ్జర్ల కంటే నువ్వే నయమున్నవు."

"పత్తి ఏరే కైకిలి పని ఇడిసిపెట్టి రోజూ ఈయన ఎనుక కూసోవాల్నా?" అని ఆమె అటు తిరిగింది. నవ్వలేదు.

నేను బండి నడిపి చూశాను. వెనక గట్టిగా కొడుతోంది. షాకబ్జర్లు రెండూ పోయాయి, జత మార్చాలని తేల్చేశాను. అతని ముఖం వాడిపోయింది.

"వంట చేసే అక్కలు కోపంగున్నరు సార్. పగిలినయి తెస్తే తొర్రూరు ఆటో ఆయనతోని తెప్పిచ్చుకుంటమంటున్నరు. నాలుగూర్ల బళ్లు పోతే నేను మళ్ల పట్నం పోయి గేటు కాడ కూసోవాలె. జర చూపెట్టు సార్, ఎట్ల ఇప్పుతరో. నేనే ఇప్పి చూసుకుంట."

కస్టమర్లకు పని చూపించవద్దని మా యజమాని అన్న మాట నిజమే. కానీ నేను కాదనడానికి కారణం అది కాదు. గుడ్లమ్ముకునేవాడు విప్పగలిగితే ఇరవై ఏడేళ్లుగా నేను చేస్తున్నదేమిటన్న పొగరు. "స్ప్రింగు ఎగిరి తాకితే కన్ను పోతది. షోరూం ఎందుకున్నది మరి?" అని బెదిరించాను. దేని స్ప్రింగో, ఎక్కడిదో చెప్పలేదు. అన్నిటినీ కలిపి ఒకే భయం పెట్టి పంపాను.

మూడు రోజుల తర్వాత ఒక ఆటో వచ్చి ఆగింది. బండి రాలేదు. అతనొక్కడే యూరియా సంచి ఒకటి మోసుకుంటూ దిగాడు. సంచిలో ముందు ఫోర్కు రెండు గొట్టాలూ ఉన్నాయి. మేము చేసిన పనిలోనే ఏదో లోపం ఉందనుకుని వీడియో చూసి విప్పేశాడట.

"సార్, కన్ను పోలే" అన్నాడు, తల వంచుకుని. "మూత ఎగిరి ఇంటి రేకుకు సొట్ట వడ్డది. ఆయిలంత మా అవ్వ ఆరబోసిన మిరపకాయల మీద వడ్డది."

నిజం చెబుతున్నాను, నాకు లోలోపల సంతోషం వేసింది. చూశావా, నేను చెప్పలేదా అనుకున్నాను. కానీ అతను గొట్టాలు బల్ల మీద పెట్టి, ఇవి ఇవాళే అవుతాయా అని అడిగాడు. మర్నాడు బుధవారం, బడిలో గుడ్లు పెట్టే రోజు. షోరూం చేసిన పనీ నిలవలేదు, సొంతంగా చేసుకున్న పనీ నిలవలేదు. మధ్యలో ఈ మనిషి పట్నం బస్సుకు ఇంకో అడుగు దగ్గరయ్యాడు. నా సంతోషం నాకే నచ్చలేదు.

ఆ సాయంత్రం నేనే అతని ఇంటికి వెళ్లి ఫోర్కు బిగించాను. "రేపు నీ ఎనుక కూసొని వస్త. ఏమైతుందో నా కండ్లతోని చూస్త" అన్నాను. అతను నా పొట్ట వైపోసారి, బండి వైపోసారి చూసి, "రండ్రి సార్" అన్నాడు.

బుధవారం పొద్దున బయల్దేరాం. ముందు అతను, మధ్యలో నేను, నా వీపుకు ఆనుకుని గుడ్ల పెట్టె. దారి ఎలా ఉంటుందో ఆ దారిన పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి బడిలో వంట చేసే ముసలావిడ ఒక్కో గుడ్డునూ ఎండకు పట్టి చూసింది.

"ఇయ్యాల్ల ఒక్కటి పగలలే! ఏం మంత్రమేసిన్రు?"

నేను కాలరు సర్దుకున్నాను. నిన్న నేను బిగించిన ఫోర్కు మహిమే కదా! ఆ బడి హెడ్‌మాస్టరు మా పాత కస్టమరు. చాయ్ తాగందే కదలనివ్వనన్నాడు. రెండో బడికి ఆలస్యమవుతోందని గుడ్లతను ముందు వెళ్లాడు. నేను చాయ్ తాగి, నా పనితనం గురించి హెడ్‌మాస్టరుకు రెండు మాటలు చెప్పి, ఆటో ఎక్కి వెనకాలే వెళ్లాను.

వెళ్లేసరికి వంటశాల ముందు అతను నేరం చేసినవాడిలా నిలబడి ఉన్నాడు. వంట చేసే ఆవిడ చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో పగిలిన గుడ్లు తొమ్మిది.

"మీరేనా షోరూం సారు?" అంది నన్ను చూసి. "మీ తాన బండ్లు బాగుచేస్తరా, ఆమ్లెట్లు ఏస్తరా?"

నేను బండి వైపు చూశాను. అదే బండి, అదే దారి, అవే గుడ్లు. పోయినసారికీ ఈసారికీ మారింది ఒక్కటే. ఈసారి బండి మీద నేను లేను.

ఇతని భార్య చెప్పింది కదా! నవ్వొద్దని బతిమాలి మరీ చెప్పింది కదా! వెళ్లి బండి వెనక సీటు మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కాను. రాతిబండను నొక్కినట్టుంది. వంగి చూశాను. ఐదో మెట్టు. నలుగురు మనుషులకూ ఒక బస్తాకూ సరిపడా బిగించిన స్ప్రింగు, ఒక బక్కమనిషినీ పన్నెండు ట్రేల గుడ్లనూ మోస్తోంది. గుడ్ల పెట్టె అంటే ఎంత బరువు, ఒక చిన్నపిల్లంత. స్ప్రింగు కదిలితే కదా! దారిలో ఉన్న ప్రతి గుంటా నేరుగా గుడ్లకే తగులుతోంది. భార్య కూర్చుంటే కదులుతోంది, నేను కూర్చుంటే కదులుతోంది. షాకబ్జర్లు పోలేదు. పోయింది నా బుర్ర.

"అక్కా, తప్పు ఈయనది కాదు, నాది" అన్నాను వంట ఆవిడతో. "మళ్ల గుడ్లు పెట్టేది శుక్రారమే గదా, అందాక ఆగుండ్రి."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "సరే. శుక్రారం కూడ గిట్లనే పగిలితే మీరే వచ్చి వరుసల నిలబడ్డ పిల్లలకు చెప్పాలె, ఇయ్యాల్ల గుడ్డు లేదని. నేను చెప్ప."

"చెప్త" అన్నాను.

అక్కడికక్కడే మెట్టు దించేద్దామని బండి పక్క డబ్బా తెరిచాను. టూల్ కిట్‌లో స్క్రూడ్రైవర్ ఉంది, ప్లగ్గు విప్పే పానా ఉంది. కొక్కెం పానా లేదు. "గసొంటిది నాకు ఇయ్యనే లేదు సార్" అన్నాడతను. అది ఎక్కడుందో నాకు బాగా తెలుసు.

ఇద్దరం మానుకోటకు వచ్చాం. అప్పుడే భోజనాల వేళ. గోడకు వరసగా తొమ్మిది పానాలు, తొమ్మిది టిఫిన్లు. అతను ఆ గోడ దగ్గరికి వెళ్లి చూశాడు.

"గివేంది సార్, గిన్ని పానాలు?"

నేను నా టిఫిన్ దించి కింద పెట్టి, స్క్రూ విప్పి, నా పానా తీసి అతని చేతిలో పెట్టాను. "నువ్వే తిప్పు" అన్నాను.

"కన్ను పోదా సార్?"

"పోదు తమ్మీ. నేను చెప్పింది ముందటి దాని గురించి. దీనికి ఏం గాదు. నీకు సరిగ్గ చెప్పకపోవుడు నాదే తప్పు."

అతను భయం భయంగా కొక్కెం తగిలించి లాగాడు. టక్‌మని ఒక మెట్టు దిగింది. ఇంకోసారి. ఇంకోసారి. ఐదు నుంచి రెండుకు వచ్చింది. ఆ పక్కా అంతే. మొత్తం పని అయ్యేసరికి మా చాయ్ కూడా చల్లారలేదు. సీటు మీద చెయ్యి వేసి నొక్కి, అది మెత్తగా దిగి పైకి లేస్తుంటే అతని ముఖంలో వచ్చిన నవ్వు ఉంది చూడండి, నా సర్వీసులో ఎన్ని జాబ్ కార్డుల మీద సంతకాలు పెట్టానో లెక్కలేదు, అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. వెనక్కి తిరిగితే మా స్టోర్‌కీపర్ తన నాలుగు గిన్నెల క్యారియర్‌ను గోడ మీంచి దించుతున్నాడు.

శుక్రవారం అతను ఒక్కడే వెళ్లాలి, నేను ఎక్కకూడదు. అప్పుడే పరీక్ష. పొద్దుటి నుంచీ నేను ఏ పనీ సరిగ్గా చేయలేదు. ఒక బండికి పోయాల్సిన ఆయిల్ ఇంకో బండికి పోయబోయాను. వరుసలో నిలబడ్డ పిల్లల ముందు ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడా వెతుక్కున్నాను. మధ్యాహ్నం టిఫిన్ విప్పి, ముట్టకుండా కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. అతను కాదు, ఆ రెండో బడి వంట ఆవిడ.

"సారూ, మీరు వచ్చే పని లేదు. పిల్లలు తింటున్నరు."

అంతే అని పెట్టేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చుట్టూ ఎవరూ చూడకుండా టిఫిన్ మీదకు వంగాను. చీమలు అప్పటికే సగం తినేశాయి. మిగిలిన సగం నేను తిన్నాను.

ఆ సోమవారమే ఐదో మెట్టు రూలు తీసేశాను. తొమ్మిది పానాల్లో ఒకటి వెళ్లిపోయింది కదా, మిగిలిన ఎనిమిదింటినీ బండ్లు సర్వీసుకు వచ్చినప్పుడు తిరిగి కిట్లలో పెట్టించాను. మళ్లీ ఎలుకల బాధ మొదలయ్యాక మావాళ్లు నాకు పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయదగ్గవి కావు. తర్వాత భూపాలపల్లి షోరూంకు వేశారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. అక్కడ ప్రతి కొత్త బండి ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ని. "బండి మీద ఎవరెవరు ఎక్కుతరు? ఏమేం ఏస్తరు?" ఘనపూర్ నుంచి వచ్చినవాళ్లు ఓపిగ్గా చెప్పేవాళ్లు. టేకుమట్ల రైతు ఒకాయన మాత్రం, "బండి ఇస్తున్నవా, పిల్లనిస్తున్నవా? మా ఇంట్ల ఎంతమందిమో నీకెందుకు?" అని గదమాయించాడు. అయినా చెప్పేదాకా వదల్లేదు. ఆ ప్రశ్న పేరుతోనే అక్కడి కుర్రాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు.

కాబట్టి తమ్ముళ్లూ, మీ ప్రశ్నకు నా జవాబు. ముందు ఫోర్కు విప్పాలనుంటే తెలిసినవాడి పక్కన కూర్చుని రెండుసార్లు చూసి నేర్చుకోండి, లేదంటే షోరూంలో ఇవ్వండి. రేకుకు పడిన సొట్ట మీ కంటికి పడకూడదు. వెనక మెట్లు మాత్రం మీరే తిప్పుకోండి, దానికి ఎవరి గేటు ముందూ నిలబడక్కర్లేదు. ఈ రెండింటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. అది నేను చెబితే బాగుండదు, చెప్పినావిడ నోటే వినండి.

ఆ శుక్రవారం గడిచిన రెండు వారాలకు, నేనింకా మానుకోటలో ఉండగానే, మొగుడూ పెళ్లామూ ఇద్దరూ షోరూంకు వచ్చారు. నాలుగు బళ్లూ నిలిచాయి, ఐదో బడివాళ్లు కూడా అడుగుతున్నారని అతను చెప్పాడు. ఆమె మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నువ్వు పానా ఇచ్చుడు మంచిగనే ఉన్నది గని అన్నా, ఇప్పుడు ఈయన నన్ను బండెక్కించుకుంటలేడు. ఎందుకే, గుడ్లు పగుల్తలేవు గదా అంటున్నడు. కైకిలి లేని దినం నాలుగూర్లు తిరిగి నలుగురితోని మాట్లాడొస్తుంటి. అది పాయె."

ఈసారి అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది. తర్వాత నేను అన్నాను, "చెల్లె, ఆనాడు నువ్వు చెప్తే నవ్విన. తప్పైంది."

"నవ్వుడు తప్పు గాదన్నా" అంది. "నవ్వినంక ఒక్కసారన్న బండెనుక కూసొని చూస్తే అయిపోతుండె."

ఆమె చెయ్యి చాపింది. "ఇద్దరం ఎక్కితే ఎన్నో మెట్టు ఉండాలె? చూపెట్టు."

చూపించాను. జేబులోంచి మొగుడు తీసి ఇచ్చిన పానాతో ఆమె తనే వంగి, రెండు పక్కలా తిప్పి, నాలుగో మెట్టు మీద పెట్టింది. లేచి పానాను కొంగు చివర ముడేసుకుంది.

"ఇగ ఇది నా తాన్నే ఉంటది. పొద్దుగాల బండి ఏ మెట్టు మీద పోవాల్నో నేనే చెప్త" అని మొగుడి వెనక ఎక్కి కూర్చుంది.